పసుపు, ఎరుపు, నలుపు: కారుకు డాష్‌క్యామ్ వైరింగు చేయించుకున్న వైనం

నేను ఫిజియోథెరపిస్టును. విజయవాడలో ఇళ్లకు వెళ్లి చికిత్స చేస్తాను. పక్షవాతం వచ్చి మంచం పట్టినవారు, మోకాలి చిప్పల మార్పిడి చేయించుకుని మళ్లీ నడక నేర్చుకుంటున్నవారు, తుంటి ఎముక విరిగిన పెద్దవారు, ఇలా రోజుకు ఐదారు ఇళ్లు తిరుగుతాను. పటమటలో మొదలై మొగల్రాజపురం, సూర్యారావుపేట మీదుగా భవానీపురం వరకు. ఒక్కో ఇంట్లో ముప్పావు గంట, గంట. అంతసేపూ కారు వీధిలోనే ఉంటుంది. రాత్రి మా అపార్టుమెంటులోనూ అంతే. సెల్లారులో మా వాటా స్థలం రెండు స్తంభాల మధ్య ఇరుకుగా ఉండటంతో బయట గోడ పక్కనే పెడతాను. ఏడాదిన్నరలో మూడుసార్లు కారుకు దెబ్బ తగిలింది. మూడుసార్లూ నేను లోపల లేను. ఎవరు తగిలించారో తెలియదు.

అందుకే నాకు కావలసింది నడుస్తున్నప్పుడు రికార్డు చేసే కెమెరా, అంటే డాష్‌క్యామ్, మాత్రమే కాదు, కారు ఆగి ఉన్నప్పుడు కూడా కళ్లు తెరుచుకుని ఉండే కెమెరా. చాలామంది డాష్‌క్యామ్ కొని సిగరెట్ లైటర్ సాకెట్‌లో తీగ గుచ్చి వదిలేస్తారు. మన దగ్గర ఎక్కువ కార్లలో ఇంజను ఆపి తాళంచెవి తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది, దాంతో కెమెరా కూడా నిద్రపోతుంది. ఆగి ఉన్న కారును అది చూడాలంటే కారు ఫ్యూజు బాక్సు నుంచే దానికి కరెంటు ఇవ్వాలి. దానికోసం అమ్మేదే హార్డ్‌వైర్ కిట్. కెమెరా గురించి ఇంటర్నెట్టులో చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. ఈ వైరింగు గురించి వివరంగా చెప్పినవారు తెలుగులో నాకు కనబడలేదు. నేను ఒకసారి దెబ్బతిని, రెండోసారి సరిగ్గా చేయించుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

కిట్టులో ఉండేది పెద్దగా ఏమీ లేదు. అగ్గిపెట్టె అంత నల్లటి డబ్బా. అది బ్యాటరీ 12 వోల్టులను కెమెరాకు కావలసిన 5 వోల్టులకు దించుతుంది. ఒక వైపు కెమెరాకు వెళ్లే పొడవాటి తీగ, మరో వైపు మూడు వైర్లు. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. నలుపు వైరు కారు బాడీకి, అంటే ఎర్త్‌కు. ఎరుపులో కరెంటు ఉంటే కారు నడుస్తోందని, పోతే కారు ఆగిందని కెమెరా తెలుసుకుంటుంది. ఆగిందని తెలిశాక పసుపు వైరు మీద బతుకుతూ కాపలా కాస్తుంది. బ్యాటరీ వోల్టేజి ఒక గీత దాటి కిందికి పడితే ఆ డబ్బా తనంతట తానే కెమెరాను ఆపేస్తుంది. మొత్తం విద్య ఇంతే. ఇంత చిన్న విద్యను ఎంత ఘోరంగా చేయవచ్చో నాకు సంక్రాంతి ముందు తెలిసింది.

కారు సీటు కవర్లు, మ్యాట్లు, స్పీకర్లు అమ్మే ఒక అలంకరణ సామగ్రి దుకాణంలో మొదట బిగించారు. దుకాణం పేరు రాయను. ఇరవై నిమిషాలలో పని ముగించారు, 500 రూపాయలు తీసుకున్నారు. కెమెరా వెలిగింది, నేను సంతోషించాను. మూడో రోజు తెల్లవారుజామున ఆరు గంటలకు భవానీపురంలో ఒక పెద్దాయనకు చికిత్స ఉంది. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో కదలిక తెప్పించడం చాలా అవసరం, నేను వేళ తప్పను. కారెక్కి సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. మీటర్ల దీపాలు మసకబారిపోయాయి. పక్క ఫ్లాటు వారిని నిద్ర లేపి, వారి కారు నుంచి జంపర్ కేబుల్ వేయించుకుని బయలుదేరేసరికి ఏడుంబావు. ఆ పెద్దాయన కుర్చీలో కూర్చుని గుమ్మం వైపే చూస్తూ ఉన్నారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం చాలా బాధ అనిపించింది.

దుకాణానికి తిరిగి వెళితే, "బ్యాటరీ పాతదైపోయింది మేడమ్, మార్చేయండి" అన్నారు. బ్యాటరీకి అప్పటికి మూడేళ్లు దాటిన మాట నిజమే. కానీ మొన్నటిదాకా ఒక్కసారి కూడా మొరాయించని బ్యాటరీ, కెమెరా పెట్టిన మూడో రోజే ఎందుకు చచ్చిపోయిందని అడిగితే జవాబు లేదు. ఎవరి చేతిలోనూ కరెంటు కొలిచే మీటరు లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆటోనగర్ వెళ్లాను. మోకాలి మార్పిడి తర్వాత నా దగ్గర చికిత్స తీసుకున్న ఒక లారీ యజమాని ఈ దుకాణం చెప్పారు. బయటివారికి తెలియకపోవచ్చు, మా ఊరి జవహర్ ఆటోనగర్‌లో బండికి సంబంధించి దొరకని పని ఉండదు. లారీ బాడీ కట్టేవారు, రేడియేటర్లు అతికేవారు, కమాను పట్టీలు సాగదీసేవారు, సీట్లు కుట్టేవారు వీధి వీధికీ కనిపిస్తారు. ఈ ఎలక్ట్రీషియన్‌ది రేకుల షెడ్డు. గోడ నిండా డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పి వేలాడదీసి ఉంటాయి. బోర్డు మీద పేరు కూడా సగం చెరిగిపోయింది. మేస్త్రికి యాభై అయిదు దాటి ఉంటాయి. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ దీపం, మెడలో తాడుకు కళ్లద్దాలు.

"బాబాయ్, కెమెరా పెట్టినప్పటి నుంచి బ్యాటరీ దిగిపోతోంది" అన్నాను.

ఆయన కెమెరా వైపు చూడలేదు. డ్రైవరు సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని, స్టీరింగ్ కిందికి తల దూర్చారు. కుర్రవాడు సెల్ ఫోను దీపం పట్టుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి, "అమ్మా, ఒకసారి మీరూ వంగి చూడండి" అన్నారు.

చూశాను. కారుతో పాటు వచ్చిన వైర్ల కట్ట ఒకటి నల్లటి టేపుతో నీటుగా చుట్టి ఉంది. దానికి ఒక చోట టేపు చీల్చి, మధ్యలోని ఒక వైరుకు బ్లేడుతో తోలు ఒలిచి, బయటపడిన రాగి పోగుల చుట్టూ కిట్టులోని పసుపు, ఎరుపు వైర్లు రెండింటినీ కలిపి మెలిపెట్టారు. దాని మీద టేపు రెండు చుట్లు. జనవరిలో వేసిన టేపు అప్పుడే జిగురు వదిలి చివర లేచింది. మరో రెండు నెలలు పోయి ఎండలు ముదిరితే పూర్తిగా ఊడి, ఆ పోగులు పక్కనున్న ఇనప పట్టీకి తగిలేవి. ఆ వైరు మీద కెమెరాకంటూ విడిగా ఫ్యూజు లేదు. నలుపు వైరునేమో ప్లాస్టిక్ మూతకు ఉన్న స్క్రూ కింద బిగించారు. ఆ స్క్రూ కొన మాత్రం ఎక్కడో ఇనుముకు తగిలి ఉండటంతో ఇన్నాళ్లూ పని నడిచింది.

మేస్త్రి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ విడమరచి చెప్పారు. పసుపు, ఎరుపు రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే ఒకే వైరుకు కలిపేయడం వల్ల కారు ఆగిందన్న సంగతి కెమెరాకు ఎప్పటికీ తెలియదు. రాత్రంతా కారు నడుస్తున్నట్టే పూర్తి స్థాయిలో రికార్డు చేస్తూ ఉంటుంది. పైగా ఎన్ని వోల్టులకు పడితే కెమెరాను ఆపాలో నిర్ణయించే చిన్న మీటలు డబ్బా పక్కన ఉంటాయి, అవి 11.6 వోల్టుల దగ్గర ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చాయి, ఎవరూ కదపలేదు. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన చూపిస్తుంది, సగానికి దిగితే 12.2 దగ్గర ఉంటుంది. 11.6 అంటే ఆ బ్యాటరీలో ఇక సెల్ఫ్ తిప్పే సత్తువ లేనట్టే. కెమెరా ఆగడం ఆగింది కానీ, అప్పటికే బ్యాటరీ పని అయిపోయింది.

ఆ తర్వాత జరిగిన పనిని దగ్గరుండి చూశాను. అందుకు మూడు గంటలు పట్టింది. నాకు నచ్చినది ఆయన మొదట స్క్రూడ్రైవరు పట్టకుండా మీటరు పట్టడం. మా వృత్తిలో కూడా రోగిని తాకడానికి ముందు కీలు ఎంత వంగుతోందో కొలుస్తాం. కొలవకుండా మొదలుపెట్టే వారిని నేను నమ్మను.

బానెట్టు ఎత్తి బ్యాటరీ కొలిచారు: 12.48. నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. ఇంజను తిరిగే ఆ క్షణంలో అంకె 10.1కి పడి లేచింది. 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ అలిసిపోయినట్టు లెక్క అట. ఇంజను నడుస్తుండగా 14.1 ఉంది. "డైనమో బాగుంది, బ్యాటరీకి ఇంకా కొంత ఆయుష్షు ఉంది. ఇప్పుడే మార్చకండి" అన్నారు. బ్యాటరీ అమ్మితే ఆయనకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా వద్దన్నారు.

తర్వాత కెమెరా వైర్లు పూర్తిగా విప్పేసి, ఏమీ లేని కారు ఎంత కరెంటు తాగుతోందో చూశారు. దీనికి బ్యాటరీ నెగటివ్ కొనను విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాలి. ఈ కాలపు కారు తాళం తీయగానే నిద్రపోదు. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆగడానికి కొంతసేపు పడుతుంది. తలుపు తెరిచి ఉంటే అసలు పడుకోదు. అందుకని మేస్త్రి తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పి, కారును మోసం చేసి, కుర్రవాడిని టీకి పంపారు. ఇరవై నిమిషాలకు అంకె మెల్లగా దిగి 28 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిచింది. యాభై లోపల ఉంటే చింత లేదన్నారు. అంటే కారులో వేరే రోగం లేదు, తప్పంతా కెమెరా వైరింగుదే.

ఫ్యూజుల ఎంపికే ఈ పనిలో అసలైన భాగం. నా కారులో ఫ్యూజు బాక్సు స్టీరింగ్ కింద కుడి పక్కన ఉంటుంది. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనబడతాయి. ఫ్యూజు పీకకుండానే అక్కడ మీటరు మొన ఆనించి చూడవచ్చు. తాళం తీసి ఒకసారి, తాళం తిప్పి ఒకసారి, వరుసగా అన్నిటినీ చూశారు. తాళం తిప్పితేనే 12 చూపించినవి ఎరుపుకు పనికొస్తాయి, ఎప్పుడూ చూపించేవి పసుపుకు. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజును, బ్రేకుల ఏబీఎస్ ఫ్యూజును, ఇంజను కంప్యూటర్ ఫ్యూజును వేలితో చూపించి, "వీటి జోలికి ఎవరినీ పోనివ్వకండి" అన్నారు. ఎరుపుకు సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజును, పసుపుకు లోపలి గది దీపం ఫ్యూజును ఎంచుకున్నారు.

ఎంచుకుని కూడా వెంటనే బిగించలేదు. కారుకు తాళం వేసి అరగంట ఆగుదామన్నారు. నాకు అర్థం కాలేదు. కొన్ని కార్లలో ఎప్పుడూ కరెంటు ఉన్నట్టు కనిపించే ఫ్యూజు, తాళం వేసిన పది ఇరవై నిమిషాలకు బ్యాటరీని కాపాడటం కోసం తనంతట తానే ఆరిపోతుందట. గది దీపం ఫ్యూజు విషయంలో అలా జరగడం ఎక్కువ. అలాంటిదానికి పసుపు వైరు కలిపితే, దుకాణంలో పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది, ఇంటికెళ్లాక అర్ధరాత్రి కెమెరా ఎందుకు ఆగిందో తెలియక తల పట్టుకోవాలి. అరగంట తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి చూశారు. కరెంటు ఉంది. అప్పుడు గానీ ఒప్పుకోలేదు.

ఒలవడాలు, మెలిపెట్టడాలు ఏవీ లేవు. ఫ్యూజు ట్యాప్ అని చిన్న వస్తువు ఉంటుంది. పాత ఫ్యూజు పీకి, ఆ చోట దీన్ని గుచ్చి, పాత ఫ్యూజును దీని కింది అరలో, కెమెరా ఫ్యూజును పై అరలో పెడతారు. కారు వైరు ఒక్కటి కూడా కోయనక్కరలేదు. రేపు వద్దనుకుంటే ట్యాప్ పీకేసి పాత ఫ్యూజు పెట్టుకుంటే కారు షోరూము నుంచి వచ్చినట్టే ఉంటుంది. వారంటీ ఉన్న కారు వారికి ఇది చాలా ముఖ్యం. కెమెరాకు 3 ఆంపియర్ల ఊదారంగు ఫ్యూజు వేశారు. ట్యాప్‌లోనూ రకాలున్నాయి. ఫ్యూజు కాళ్ల పరిమాణాన్ని బట్టి అదే కొలత ట్యాప్ కొనాలి. నేను ఇంటర్నెట్టులో చూసి తెచ్చినది పెద్ద కొలత, పనికిరాలేదు.

ట్యాప్‌కు దిశ ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఫ్యూజు గుచ్చే గాడిలో ఒక పక్క కరెంటు వస్తుంది, రెండో పక్క నుంచి దీపానికి పోతుంది. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు కరెంటు వచ్చే పక్కకు పడాలి. అప్పుడు దీపం కరెంటు దాని ఫ్యూజులోంచి, కెమెరా కరెంటు దాని ఫ్యూజులోంచి విడివిడిగా పోతాయి. తిప్పి పెడితే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజు మీదుగానే ప్రయాణించి, రెండింటి బరువూ దాని మీద పడుతుంది. ఎలా పెట్టినా కెమెరా వెలుగుతుంది కాబట్టి తప్పు బయటపడదు. మేస్త్రి ఫ్యూజు పీకి గాడిలో ఏ పక్క కరెంటు ఉందో టెస్టర్ దీపంతో చూసి, ఆ తర్వాతే గుచ్చారు. మీరు ఎక్కడ చేయించుకున్నా ఈ ఒక్క అడుగు వేస్తున్నారో లేదో చూడండి. వేయకపోతే ఆ మనిషికి ఈ పని తెలియనట్టే.

ఎర్త్ కోసం డాష్‌బోర్డు కింద కారు బాడీకి నేరుగా దిగిన ఒక బోల్టును వెతికారు. పదో నంబరు పానాతో వదులు చేసి, నలుపు వైరుకు గుండ్రటి కొన తొడిగి, బోల్టు కింద పెట్టి బిగించారు. రంగు పూసిన చోట పెడితే రంగే అడ్డుపడుతుందని, శుభ్రమైన లోహం తగలాలని చెప్పారు. మీటరుతో ఆ బోల్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య నిరోధం చూస్తే దాదాపు సున్నా.

కెమెరా తీగను అద్దం వెనక నుంచి పైకప్పు గుడ్డ అంచులోకి వేలితో నొక్కుకుంటూ కుడి పక్కకు తెచ్చి, తలుపు రబ్బరు బీడింగు వెంబడి, ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌లోంచి కిందికి దింపారు. నా కారులో ముందు రెండే ఎయిర్‌బ్యాగులు, అందువల్ల పిల్లర్ ఖాళీ. పక్కల కూడా ఎయిర్‌బ్యాగులున్న కారైతే పిల్లర్ మూత విప్పి, బ్యాగు వెనక నుంచి మాత్రమే తీగ పోనివ్వాలని, ముందు నుంచి పోతే ప్రమాదంలో బ్యాగు తెరుచుకునేటప్పుడు తీగ అడ్డుపడుతుందని చెప్పారు. ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లు ఎక్కువైన ఈ రోజుల్లో ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. డబ్బాకు గుడ్డ టేపు చుట్టి, గోతుల్లో టకటకలాడకుండా కట్టేశారు. చివరన రేడియో పెట్టి ఆకాశవాణి విన్నారు. నాసిరకం కిట్టయితే రేడియోలో గురగుర వస్తుందట. కొద్దిగా వచ్చింది. తీగకు చిన్న నల్లటి ఫెరైట్ గుండు తగిలించగానే చాలావరకు తగ్గింది.

ఒక విషయంలో మా ఇద్దరికీ వాదన జరిగింది. నాకు కెమెరా రాత్రంతా ఉండాలి. డబ్బాలో నాలుగు మెట్లున్నాయి: 11.6, 11.8, 12.0, 12.2. నేను 11.8 అన్నాను. ఆయన 12.2 కన్నా కిందికి వద్దన్నారు. కాగితం మీద లెక్క వేసి చూపించారు. నా బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది. కాపలా స్థితిలో కెమెరా తీసుకుంటున్నది మీటరు మీద 0.22 ఆంపియర్లు. పన్నెండు గంటలకు 2.6 ఆంపియర్ గంటలు. కొత్త బ్యాటరీకి అది లెక్కలోది కాదు. కానీ మూడేళ్ల బ్యాటరీలో 35 ఉండదు. పైగా నేను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మూడు నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేస్తాను. ప్రతిసారీ సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయ్యేది తిరిగి నిండేలోపే ఇంజను ఆపేస్తాను. "మీ బండి రోజంతా తిరిగినట్టే కనిపిస్తుంది అమ్మా, బ్యాటరీకి మాత్రం కడుపు నిండదు" అన్నారు. ఆ మాటతో ఒప్పుకున్నాను. వారానికి ఒకసారి ఆగకుండా నలభై నిమిషాలు నడపమన్నారు. అందుకే ఆదివారాలు గన్నవరం దాకా వెళ్లి వస్తున్నాను.

ఇక ఫలితం. మూడు నెలలైంది. ఒక్క ఉదయం కూడా కారు మొరాయించలేదు. రాత్రి తొమ్మిదికి పెడితే కెమెరా మామూలుగా తెల్లవారుజాము నాలుగు, అయిదు దాకా ఉంటోంది. తక్కువ తిరిగిన రోజున రెండు గంటలకే ఆగిపోయిన సందర్భాలున్నాయి. నాకిది పూర్తి తృప్తి ఇవ్వలేదు. బ్యాటరీ మార్చాక మెరుగవుతుందని ఆశ. కాపలాలో రెండు పద్ధతులున్నాయి: కదలిక కనిపిస్తే రికార్డు చేయడం, లేదా సెకనుకు ఒక బొమ్మ చొప్పున ఎడతెగకుండా తీయడం. మా వీధిలో వేపచెట్టు కొమ్మ ఊగినప్పుడల్లా మొదటిది మేల్కొంటోంది, కార్డు ఆకుల వీడియోలతో నిండిపోతోంది. రెండో పద్ధతికి మార్చాక బాగుంది.

మార్చిలో మొగల్రాజపురం కొండవాలు సందులో ఒక నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ నా ముందు బంపరు నొక్కింది. నేను రెండో అంతస్తులో ఒక అమ్మగారి చేత మెట్లెక్కిస్తున్నాను. కిందికి వచ్చేసరికి ట్యాంకరు ఇంకా అక్కడే నీళ్లు వదులుతోంది. డ్రైవరు మొదట తనకేమీ తెలియదన్నాడు. ఫోనులో ఆ ఇరవై సెకన్లు చూపించాను. బొమ్మలో ట్యాంకరు వెనక చక్రం, దాని మీద తడి మట్టి, నా బానెట్టు ఒక్కసారి అదరడం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మాటా మాటా పెరగకుండానే యజమానికి ఫోను చేశాడు. సాయంత్రానికి 1,800 రూపాయలు ఇచ్చారు. పాత మూడు దెబ్బలకు నేను చేతి నుంచి పెట్టుకున్నది దీనికి ఎన్నో రెట్లు.

కిట్టు గురించి కూడా చెప్పాలి. పనితనం పరవాలేదు, వోల్టేజి పడగానే ఆగే పని నమ్మకంగా చేస్తోంది. కానీ ఆ మీటలు ఆవగింజంత, పిన్నుతో తప్ప కదలవు. ఏ స్థితి ఎన్ని వోల్టులో డబ్బా మీద రాయలేదు. లోపలి కాగితం చీనా, ఇంగ్లీషు భాషల్లో, అదీ చీమల అక్షరాల్లో ఉంది. ఆ మీటలు ఎవరూ కదపకపోవడానికి సగం కారణం ఇదే. 1,450 రూపాయలు తీసుకునేవారు ఇంకాస్త పెద్ద అక్షరాలు వేయాలి. కొనేటప్పుడు మీ కెమెరా కంపెనీ కిట్టే కొనండి. వేరేదైతే కెమెరాకు కాపలా సంకేతం అందకపోవచ్చు. ఇంకొకటి, మా ఊరి మే ఎండల్లో మూసిన కారులో లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాల్లో ఆ బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్నది ఎంచుకోవడం మంచిది. నాది అదే, ఈ ఎండలకు ఇప్పటిదాకా తట్టుకుంది. మెమరీ కార్డు కూడా నిరంతర రికార్డింగు కోసం చేసిన రకమే వాడాలి.

దుకాణంలో లోపాలున్నాయి. ముందుగా సమయం ఇవ్వరు. ఎవరు ముందు వస్తే వారికే పని. పని మొదలుపెట్టక ముందే నేను రేకుల కింద ఇనప స్టూలు మీద గంటన్నర కూర్చున్నాను. అచ్చు బిల్లు ఇవ్వరు, అడిగితే నోటు పుస్తకంలో కాగితం చింపి రాసిచ్చారు. వారంటీ కోసం బిల్లు దాచుకునేవారికి ఇది ఇబ్బంది. ఆడవాళ్లకు మంచినీళ్లు, మరుగుదొడ్డి వంటి వసతులు ఆ వీధిలోనే లేవు. పనికి 900, రెండు ట్యాప్‌లకు 240, కొనలకు, టేపుకు 60, మొత్తం 1,200 తీసుకున్నారు. మొదటి దుకాణం కోసిన వైరుకు అతుకు వేసి, వేడికి బిగిసే స్లీవు తొడిగినందుకు విడిగా ఏమీ అడగలేదు.

ఇంట్లో గ్యారేజీ ఉండి, ఆఫీసులో కాపలాదారు ఉన్న పార్కింగు ఉన్నవారికి ఈ ఖర్చు అక్కరలేదు. లైటర్ సాకెట్టు చాలు. వారం పది రోజులు కారు తీయని వారు చేయించుకోకపోవడమే మంచిది. నాలాగా వీధుల్లో కారు వదిలి వెళ్లేవారు మాత్రం తప్పక చేయించుకోండి, మీటరు లేని చేతికి మాత్రం తాళం ఇవ్వకండి.

పని ముగిశాక మేస్త్రి కుర్రవాడి చేత ఒక తెల్ల స్టిక్కరు ముక్క తెప్పించుకున్నారు. దాని మీద బాల్ పెన్నుతో, "కెమెరా. పసుపు: గది దీపం. ఎరుపు: సాకెట్. 3 ఆం. 12.2" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద తేదీ వేసి, ఫ్యూజు బాక్సు మూత లోపలి వైపు అంటించారు. "రేపు ఇంకెవరైనా తెరిస్తే ఏదేమిటో తెలియాలి కదమ్మా" అన్నారు. పోయిన వారం కారును సర్వీసుకు ఇచ్చాను. అక్కడి కుర్ర టెక్నీషియన్ ఫ్యూజు బాక్సు మూత తీసి, స్టిక్కరు చదివి, ట్యాప్‌లను ఒకసారి వేలితో కదిపి చూశాడు. అవి కదలలేదు. "ఎవరు వేశారు మేడమ్ ఇది?" అని అడిగాడు. దుకాణానికి దారి చెప్పాను, ఫోనులో రాసుకున్నాడు.